ఇంట్లో బ్యాటరీ ఛార్జింగ్



ఇవాళ్టి మాట బ్యాటరీ గురించి. టార్చిలైటులో వేసే సెల్లు గురించి కాదు. ఆటోకు, ట్రాక్టరుకు, కారుకు ఉండే పెద్ద బ్యాటరీ గురించి. దాన్ని ఇంట్లోనే ఛార్జరుతో ఛార్జింగ్ పెట్టడం గురించి.

ఇది మగవాళ్ల పని కదా అని కొందరంటారు. నిజమే. బ్యాటరీ విప్పి తెచ్చేది మగాయనే. ఛార్జరు తగిలించేదీ ఆయనే. ఆ తర్వాత? ఆయన అన్నం తిని పడుకుంటాడు. లేకపోతే పని మీద బయటికి పోతాడు. "కాసేపాగి స్విచ్చి కట్టెయ్యి" అని గడపలోంచి ఒక కేక వేసి వెళతాడు. ఇంట్లో మిగిలేది ఎవరు? ఇల్లాలు, పిల్లలు, ఆ బ్యాటరీ. దాని పక్కనుంచి పదిసార్లు తిరిగేది ఆమే. స్విచ్చి కట్టేదీ, క్లిప్పులు పీకేదీ ఆమే. అందుకని ఈ సంగతి ముందుగా తెలియాల్సింది ఆమెకే.

ఇంట్లో ఛార్జింగ్ పెట్టే అవసరం ఎందుకొస్తుంది? దుక్కులు అయిపోయాక ట్రాక్టరు నెలల తరబడి పాక కింద నిలబడి ఉంటుంది. వాడకపోయినా బ్యాటరీలో శక్తి కొద్దికొద్దిగా తరిగిపోతుంది. ఆటోలో రాత్రంతా లైటు వెలిగి ఉండిపోతుంది. తెల్లారి తాళం తిప్పితే 'టక్ టక్' అంటుంది గానీ ఇంజను అందుకోదు. లైటు వేస్తే పొద్దుగూకిన దీపంలా మసకగా వెలుగుతుంది. అంటే బ్యాటరీ దిగిపోయింది. పట్నంలో అయితే షాపుకు తీసుకుపోతారు. ఊళ్లో షాపు దూరం. అందుకని చాలామంది చిన్న ఛార్జరు ఒకటి కొని ఇంట్లో పెట్టుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. పద్ధతి తెలియాలి, అంతే.

ముందు ఆ పెట్టె లోపల ఏముందో చూడండి. అందులో 6 గదులుంటాయి. ఒక్కో గదిలో సీసం పలకలు నిలబెట్టి ఉంటాయి. పలకలు మునిగేదాకా యాసిడ్ కలిపిన నీళ్లుంటాయి. అది సల్ఫ్యూరిక్ యాసిడ్. పిల్లల బడి పుస్తకాల్లో దాన్ని గంధకామ్లం అంటారు. ఒక్కో గది సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఆరు రెళ్లు 12. అందుకే దాన్ని 12 వోల్టుల బ్యాటరీ అంటారు. ఈ రకం బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే అనే ఆయన మొదట తయారు చేశాడు. ఇన్నేళ్లయినా బండ్లలో ఎక్కువగా వాడేది ఇదే రకం.

బండి నడిచేటప్పుడు ఇంజనే బ్యాటరీని నింపుతుంది. బండి ఆగిపోతే ఛార్జరు నింపాలి. గోడకున్న ప్లగ్గులో వచ్చే కరెంటు 230 వోల్టులు. అది మనిషిని చంపే కరెంటు. ఛార్జరు దాన్ని తగ్గించి బ్యాటరీకి సరిపోయేలా ఇస్తుంది. అంటే ఛార్జరుకు ఒక పక్క పులి, ఇంకో పక్క పిల్లి. పులి వైపు ప్లగ్గు వైరు. పిల్లి వైపు రెండు క్లిప్పులు.

అయితే పిల్లి వైపు కూడా ఒక ప్రమాదం ఉంది. అది కంటికి కనపడదు.

బ్యాటరీ ఛార్జింగ్ ఎక్కేటప్పుడు, ముఖ్యంగా నిండే వేళకు, లోపలి నీళ్లు రెండు వాయువులుగా విడిపోతాయి. గదుల్లో బుడగలు లేస్తాయి. చెవి పెట్టి వింటే ఎసరు మరగబోయే ముందు వచ్చే సన్నటి చప్పుడులా ఉంటుంది. చెవి పెట్టమని కాదు, దూరాన్నుంచే వినపడుతుంది. ఆ బుడగల్లో ఒక వాయువు హైడ్రోజన్. దానికి రంగు లేదు. వాసన లేదు. వంటగ్యాసు అయితే లీకైన వెంటనే ముక్కుకు తెలుస్తుంది. మనిషికి తెలియాలనే దానికి కంపెనీవాళ్లు వాసన కలుపుతారు. ఈ బ్యాటరీ గ్యాసుకు వాసన కలిపేవాళ్లు ఎవరూ లేరు.

ఇంకో తేడా. వంటగ్యాసు బరువైనది, నేలబారున పాకుతుంది. హైడ్రోజన్ గాలికంటే ఎంతో తేలిక. పైకి లేస్తుంది. తలుపులు మూసిన గదిలో కప్పు కింద చేరుతుంది. గాలి 100 పాళ్లయితే అందులో ఈ వాయువు 4 పాళ్లు ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. గదంతా నిండాల్సిన పని కూడా లేదు. బ్యాటరీ మూతల దగ్గర, పెట్టె లోపల ఆ వాయువు ఎప్పుడూ కొంత ఉంటుంది. రవ్వ అక్కడ తగిలితే పెట్టె పగిలిపోతుంది. లోపలి యాసిడ్ చింది ముఖం మీద పడుతుంది. బ్యాటరీ మీదికి వంగి చూసేవాళ్ల కళ్లు పోయేది ఇలాగే.

ఇంతకూ ఆ రవ్వ ఎక్కడినుంచి వస్తుంది? పొయ్యి నుంచి రావచ్చు. బీడీ నుంచి రావచ్చు. దేవుడి దగ్గర పెట్టిన దీపం నుంచి, అగరొత్తి నుంచి రావచ్చు. కానీ ఎక్కువసార్లు అది ఆ క్లిప్పుల నుంచే వస్తుంది. కరెంటు పారుతున్నప్పుడు క్లిప్పు పీకినా, తగిలించినా 'చిట్' మని ఒక రవ్వ ఎగురుతుంది. ఆ రవ్వ పుట్టేది ఎక్కడ? సరిగ్గా గ్యాసు బయటికి వచ్చే చోటు పక్కన. అందుకే ఈ పనిలో చోటు ముఖ్యం, వరస ముఖ్యం.

చోటు సంగతి. గాలి ఆడే వసారా మంచిది. నాలుగు వైపులా తెరిచి ఉన్న పాక మంచిది. ఎండ, వాన పడకూడదు. వంటింట్లో వద్దు. దేవుడి గూటి కింద వద్దు. మెట్ల కింద అర వద్దు. పడకగదిలో అసలే వద్దు. దొంగలెత్తుకు పోతారని బ్యాటరీని మంచం కింద పెట్టి ఛార్జింగ్ పెట్టేవాళ్లున్నారు. దొంగ ఎత్తుకుపోతే పోయేది బ్యాటరీ ఒక్కటే.

బ్యాటరీని చెక్క మీదో, గట్టి ప్లాస్టిక్ పీట మీదో కదలకుండా పెట్టాలి. ఛార్జరును దాని నెత్తిన పెట్టకూడదు. వైరు అందినంత దూరంలో పక్కగా పెట్టాలి. ఛార్జరు కూడా వేడెక్కుతుంది. దాని మీద గుడ్డ కప్పకూడదు, గోనెసంచి మీద పెట్టకూడదు.

బ్యాటరీ మోయడం గురించి ఒక మాట. ఆటో బ్యాటరీ ఓ పది కిలోల బరువుంటుంది. ట్రాక్టరుది దానికి రెండింతలు, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. బిందె అలవాటు కొద్దీ దాన్ని నెత్తికెత్తుకోకండి. చంకన పెట్టుకోకండి. కాస్త వంగితే మూతల సందుల్లోంచి యాసిడ్ కారుతుంది. జుట్టులోకి, మెడ మీదికి దిగుతుంది. నూలుచీర మీద చుక్క పడితే అప్పటికి ఏమీ తెలియదు. ఉతికాక చూస్తే చిల్లి ఉంటుంది. ఇద్దరు కలిసి, నిటారుగా పట్టుకుని, రెండు చేతులతో మోయాలి. కడుపుతో ఉన్నవాళ్లు ఆ బరువు జోలికి పోకూడదు.

ఇక చదువు పని. బ్యాటరీ మీద, ఛార్జరు మీద రాతలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. భయపడకండి. కావాల్సినవి రెండు గుర్తులు, రెండు అంకెలు. + గుర్తు ఒకటి, − గుర్తు ఒకటి. కూడిక, తీసివేత చేసినవాళ్లకు ఇవి తెలిసినవే. బ్యాటరీ మీద రెండు సీసపు మొలకలు పైకి పొడుచుకుని ఉంటాయి. ఒకదాని పక్కన + ఉంటుంది. ఇంకోదాని పక్కన − ఉంటుంది. + మొలక కాస్త లావుగా కూడా ఉంటుంది. ఛార్జరుకున్న ఎర్ర క్లిప్పు + కు పోవాలి. నల్ల క్లిప్పు − కు పోవాలి. దుమ్ము పట్టి గుర్తు కనపడకపోతే పాతగుడ్డతో తుడిచి చూడండి. అప్పటికీ కనపడకపోతే ఊహించి పెట్టకండి. తలకిందులుగా పెడితే నిప్పులు రాలతాయి, వైర్లు కాలిపోతాయి.

ఇక అంకెలు. మొదటిది వోల్టులు. బ్యాటరీ మీద 12 అని ఉంటే ఛార్జరు కూడా 12 దగ్గర ఉండాలి. కొన్ని ఛార్జర్లకు తిప్పే మీట ఉంటుంది. అందులో 6, 12, 24 అని ఉంటాయి. లారీల కోసం 24. ఆటో బ్యాటరీకి 24 పెడితే అది ఉడికిపోతుంది. ఆయన చూసే పెట్టి ఉంటాడులే అనుకోకండి. ఒకసారి కళ్లతో చదవండి.

రెండోది బ్యాటరీ ఎంత పెద్దదో చెప్పే అంకె. 35 అనో, 80 అనో ఉంటుంది. దాని పక్కన 'ఏహెచ్' అని రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. అంటే ఆంపియర్ గంటలు. ఆ అంకెలో పదో వంతు ఆంపియర్లతో నింపితే బ్యాటరీకి మంచిది. 35 అయితే 3.5 ఆంపియర్లు. 80 అయితే 8 ఆంపియర్లు. అలా పెడితే పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ నిండడానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. సగం దిగితే అందులో సగం సేపు. తొందరగా అయిపోతుందని ఎక్కువ ఆంపియర్లు పెడితే వేడెక్కుతుంది, గ్యాసు ఎక్కువ పుడుతుంది, పలకలు పాడవుతాయి. పెద్దమంట మీద పాలు కాచినట్టే.

తగిలించే ముందు పెట్టెను చుట్టూ చూడాలి. పక్కలు ఉబ్బినా, ఎక్కడైనా చీలినా, చెమ్మ కారుతున్నా దాన్ని ఛార్జింగ్ పెట్టకండి. అది షాపుకు పోవాల్సిందే. మూతలున్న బ్యాటరీ అయితే లోపల నీళ్లు చూడాలి. పలకలు బయటికి కనపడుతుంటే, అవి మునిగేవరకు మాత్రం డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఛార్జింగ్ ఎక్కాక నీటిమట్టం కాస్త పైకి లేస్తుంది. అందుకని గీత దాకా నింపడం చివర్లో. ముందే నింపితే పొంగి యాసిడ్ బయటికి వస్తుంది. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోయకూడదు. వాటిలో ఉండే ఉప్పులు పలకలను పాడు చేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకండి. తరిగేది నీళ్లే, యాసిడ్ కాదు. ఇంకో సంగతి. మిగిలిన యాసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టే ఇళ్లున్నాయి. దాహమేసిన పిల్లవాడికి అది నీళ్లసీసాలాగే కనపడుతుంది.

కొత్త బ్యాటరీల్లో కొన్నిటికి మూతలు తెరుచుకోవు. వాటిని స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి. అయితే వాటికీ గ్యాసు పోయే సన్న బెజ్జం ఉంటుంది. నీళ్లు పోసే పని లేదని జాగ్రత్త మానకూడదు.

చేతి గాజుల సంగతి ఇప్పుడు. 12 వోల్టులు ఒంటికి షాకు కొట్టదు. అందుకనే అందరికీ అది చులకన. కానీ ఇనప పానా ఒకటి పొరపాటున రెండు మొలకల మీద అడ్డంగా పడితే వందల ఆంపియర్ల కరెంటు దాని గుండా ఒక్కసారిగా పారుతుంది. పానా ఎర్రగా కాలుతుంది. ఆ పానా చోట బంగారు గాజో, ఉంగరమో ఉంటే? కణాల్లో కాలి చర్మానికి అతుక్కుపోతుంది. మట్టిగాజులకు ఆ భయం లేదు. బంగారు గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. మంగళసూత్రం వేలాడకుండా జాకెట్టు లోపలికి వేసుకోండి. పైట బిగించి బొడ్లో దోపుకోండి. నైలాను చీర రాపిడికి ఒక్కోసారి చిటపటమని రవ్వలు వస్తాయి. ఈ పనికి నూలుచీరే నయం, పాతదైతే మరీ మంచిది. కళ్లకు ప్లాస్టిక్ అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు ఉంటే వేసుకోవాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఛార్జరు కొన్న రోజే అవీ కొనమని అడగండి.

ఇక ప్లగ్గు. ఇక్కడే పులి ఉంది. వైరు చివర పళ్లతో గీకి, బోర్డు రంధ్రాల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దోపడం చాలా ఇళ్లల్లో చూస్తుంటాం. అంతకంటే చెడ్డ అలవాటు ఇంకోటి లేదు. ఛార్జరు వైరుకు మూడు కాళ్ల ప్లగ్గు ఉండాలి. ఆ మూడో కాలు ఎర్తు. ఛార్జరు లోపల ఏదైనా తెగి కరెంటు దాని ఇనప డబ్బాకు తగిలితే, ఆ కరెంటు మనిషిలోకి రాకుండా ఎర్తు గుండా భూమిలోకి పోతుంది. ఆ కాలు విరగ్గొట్టి రెండు కాళ్ల బోర్డులో పెట్టినవాళ్లు తమ కాపలావాణ్ణి తామే పంపేసినట్టు. తడి చేతులతో, కల్లాపి చల్లిన తడి నేల మీద నిలబడి స్విచ్చి ముట్టుకోకూడదు.

ఇప్పుడు వరస. దీన్ని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఛార్జరు పెట్టే గోడకు అంటించండి. ఇంట్లో చదవగలిగిన ప్రతి మనిషీ చదువుతారు.

పెట్టేటప్పుడు: స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి ఉండాలి. ముందు ఎర్ర క్లిప్పు + కు. తర్వాత నల్ల క్లిప్పు − కు. గట్టిగా పట్టాయా చూడాలి. ఆ తర్వాత ప్లగ్గు. చివరికి స్విచ్చి.

తీసేటప్పుడు: ముందు స్విచ్చి. తర్వాత ప్లగ్గు. కొన్ని నిమిషాలు ఆగాలి, గ్యాసు చెదిరిపోతుంది. అప్పుడు నల్ల క్లిప్పు. చివరికి ఎర్ర క్లిప్పు.

ఇలా చేస్తే బ్యాటరీ దగ్గర పెద్ద రవ్వ పుట్టే అవకాశం ఉండదు. మొత్తం ఉపాయం ఇదే. ఇంత చిన్న సంగతికి ఇంత చెప్పాలా అనిపించవచ్చు. పాలు పొంగుతున్నాయనో, పిల్ల ఏడుస్తున్నదనో హడావుడిలో ముందు క్లిప్పు లాగేది ఇల్లాలే గనక ఇంత చెప్పాల్సి వచ్చింది.

బ్యాటరీ బండిలోనే ఉండగా ఛార్జింగ్ పెడితే కొద్దిగా తేడా ఉంది. బండి తాళం తీసేయాలి. చాలా బండ్లలో బ్యాటరీ − మొలక బండి ఇనప చట్రానికి కలిపి ఉంటుంది. అటువంటి బండికి ఎర్ర క్లిప్పును + మొలకకు పెట్టి, నల్ల క్లిప్పును బ్యాటరీకి దూరంగా చట్రం మీద, రంగు లేని గట్టి ఇనుముకు పెడతారు. పెట్రోలు గొట్టాల దగ్గర పెట్టకూడదు. ఇది తెలిసిన మనిషి ఒకసారి చూపిస్తే నేర్చుకోవచ్చు. చూపించేవాళ్లు లేకపోతే బ్యాటరీని విప్పించి బయట పెట్టుకోవడమే మేలు. విప్పేటప్పుడు ముందు − వైరు విప్పాలి. బిగించేటప్పుడు − వైరు చివర బిగించాలి.

ఛార్జింగ్ జరుగుతుండగా గంటకోసారి వచ్చి చూడాలి. బ్యాటరీ పక్కను చేతి వెనక వైపుతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే స్విచ్చి కట్టేసి చల్లారనివ్వాలి. కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడితే వెంటనే ఆపాలి. అది వేరే విషపు గ్యాసు. ఎక్కువగా ఛార్జింగ్ ఎక్కినప్పుడు, లోపల గది పాడైనప్పుడు వస్తుంది. తలుపులు తెరిచి, పిల్లల్ని బయటికి పంపండి. వాసన పోయేదాకా దాని దగ్గరికి వెళ్లకండి.

కొన్ని కొత్త ఛార్జర్లు బ్యాటరీ నిండగానే కరెంటు తగ్గించేస్తాయి. పాత రకానివి అలా ఆగవు. నిండాక కూడా ఇస్తూనే ఉంటాయి. పొద్దుపోయాక పెట్టి తెల్లారేదాకా వదిలేస్తే బ్యాటరీ ఉడుకుతుంది. అందుకని ఈ పని పగలు పెట్టుకోవాలి, ఇంట్లో మెలకువగా ఒక మనిషి ఉన్నప్పుడు. పగలు కరెంటు ఉండదు, ఏం చేస్తాం అంటారా? రెండు రోజులు సగం సగం పెట్టండి. బ్యాటరీకి దానివల్ల నష్టం లేదు.

కరెంటు పోయిందంటే ఇంకో మోసం ఉంది. "కరెంటు లేదుగా" అని క్లిప్పులు సర్దుతారు. సరిగ్గా అప్పుడే కరెంటు వస్తుంది. రవ్వ ఎగురుతుంది. కరెంటు పోగానే ముందు స్విచ్చి కట్టి ప్లగ్గు పీకండి. చీకట్లో బ్యాటరీ చూడాల్సి వస్తే అగ్గిపుల్ల గీయకండి, కొవ్వొత్తి తేకండి, లైటరు వెలిగించకండి. గదుల్లో నీళ్లెంతున్నాయో చూద్దామని అగ్గిపుల్ల గీసి ముఖాలు కాల్చుకున్నవాళ్లున్నారు. టార్చి వాడండి. దాన్ని దూరంగా ఉన్నప్పుడే వెలిగించి తీసుకురండి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఒక్కోసారి యాసిడ్ పడుతుంది. అప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. పడ్డాక పుస్తకం వెతికే టైముండదు.

ఛార్జరు తగిలించే ముందే నిండు బిందెలు రెండు మూడు, ఒక చెంబు దగ్గర పెట్టుకోండి. ఒంటి మీద పడితే వెంటనే నీళ్లు పోయాలి. యాసిడ్ తడిసిన బట్ట విప్పేయాలి. సిగ్గుపడే సమయం కాదు. 20 నిమిషాలు ఆపకుండా నీళ్లు పోయాలి. నాలుగు చెంబులు పోసి మంట తగ్గిందని ఆపకూడదు.

కంట్లో పడితే ఇంకా తొందర పడాలి. కన్ను నలపకూడదు. మంటకు రెప్పలు మూసుకుపోతాయి. ఇంకొకరు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకోవాలి. దెబ్బ తగిలిన కన్ను కింది వైపు ఉండేలా తల పక్కకు వంచాలి. ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్లు ధారగా పోయాలి. అలా పోస్తే యాసిడ్ కలిసిన నీళ్లు రెండో కంట్లోకి పోవు. ఇదీ 20 నిమిషాలు. కుళాయి ఉంటే కుళాయి కిందే సన్నటి ధారగా పెట్టండి. శుభ్రమైన నీళ్లయితే చాలు, మందు కలిపిన నీళ్లు అక్కర్లేదు. ఈ లోపు ఇంకొకరు 108కి ఫోను చేయాలి. కడిగాక నొప్పి తగ్గినా ఆస్పత్రికి పోవాల్సిందే.

ఇరుగుపొరుగు పరుగెత్తుకొస్తారు. మంచి మనసుతోనే వస్తారు. ఒకరు ఆముదం వేయమంటారు. ఒకరు చనుబాలు పిండమంటారు. ఇంకొకరు పసుపు పెట్టమంటారు. పెద్దామె మాట కాదనడం కష్టమే. అయినా ఆ ఒక్కసారికి కాదనండి. "నీళ్లు పొయ్యి అత్తా, నీళ్లు పొయ్యి" అని చెంబు ఆమె చేతికే ఇవ్వండి. నూనె, పసరు ఏది వేసినా నీళ్లు పోయాల్సిన సమయం వృథా అవుతుంది.

ఎవరైనా యాసిడ్ మింగితే కక్కించకూడదు. లోపలికి పోయేటప్పుడు గొంతు ఒకసారి కాలింది. కక్కిస్తే రెండోసారి కాలుతుంది. నోరు పుక్కిలించి ఉమ్మించి, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

నేల మీద ఒలికితే వంటసోడా చల్లండి. బుసబుసమని పొంగుతుంది. పొంగడం ఆగేదాకా చల్లి, తర్వాత నీళ్లతో బాగా కడగండి. సోడా నేలకే. కంట్లో, ఒంటి మీద వేయకూడదు. బ్యాటరీ గదుల్లో పడనివ్వకూడదు.

కరెంటు షాకు కొట్టి ఎవరైనా పట్టుకుపోయి ఉంటే వాళ్లను ముట్టుకోకండి. ముందు మెయిను కట్టేయాలి. అది అందకపోతే ఎండిన కర్రతో వైరును పక్కకు నెట్టాలి. తల్లి బిడ్డను పట్టుకోవడం, ఆమెను అత్త పట్టుకోవడం, ఇలా ఒకే ఇంట్లో వరసగా ప్రాణాలు పోతాయి.

ఇక్కడిదాకా చెప్పింది సీసం, యాసిడ్ ఉండే బ్యాటరీ గురించి. ఈ మధ్య ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాయి. వాటిలో చాలావాటికి లిథియం అనే వేరే రకం బ్యాటరీ ఉంటుంది. దాని ఛార్జరు దానికే. ఆటో ఛార్జరు దానికి పెట్టకూడదు, దాని ఛార్జరు ఆటోకు పెట్టకూడదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోను, విజయవాడలోను ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అక్కడ యాసిడ్ లేదు, మూతలూ లేవు. కానీ రెండు చోట్లా బ్యాటరీ ఉన్నది మనుషులు నిద్రపోయే ఇంటి లోపలే. ఏ రకం బ్యాటరీ అయినా పడుకునే చోట ఛార్జింగ్ పెట్టొద్దు.

చివరికి పాత బ్యాటరీ సంగతి. ఎన్నిసార్లు ఛార్జింగ్ పెట్టినా నిలవకపోతే దాని ఆయుష్షు తీరినట్టు. పాత సామాన్లవాడు వచ్చి పెట్టె పగలగొట్టి సీసం తీసుకుంటానంటాడు. యాసిడ్ మీ పెరట్లోనే పారబోస్తాడు. అది ఇంకే నేల పక్కనే మీ బావి ఉంటుంది. సీసం పొడి కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది. పిల్లలు ఆ మట్టిలో ఆడి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు పరవాలేదు అనే కొలత పిల్లల విషయంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే విషయంలో 2001లోనే కేంద్ర ప్రభుత్వం నియమాలు పెట్టింది. 2022లో వాటి చోట కొత్త నియమాలు వచ్చాయి. కొత్త బ్యాటరీ కొనే షాపులో పాతది పగలకుండా ఇస్తే దాని విలువ తగ్గించి బిల్లు వేస్తారు. ఎంత తగ్గించారో బిల్లులో రాసి ఉంటుంది, చదివి చూసుకోండి.

బ్యాటరీ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. గోళ్ల సందులు కూడా రుద్దాలి. మగాయన బ్యాటరీ పని చేసి నేరుగా కంచం ముందు కూర్చుంటే, ముందు చేతులు కడుక్కుని రమ్మనండి. ఆ చేత్తోనే ఆయన చిన్నదానికి ముద్ద కలిపి పెడతాడు.